ఫొటోగ్రాఫర్‌కు మీ బడ్జెట్ ముందే చెప్పండి

వ్యాపారం కోసం ఫొటోలు తీయించుకునేవారు తాము ఎంత ఖర్చు పెట్టగలరో ఫొటోగ్రాఫర్‌కు మొదటి సంభాషణలోనే చెప్పాలని నా గట్టి అభిప్రాయం. ఆయన పాత పనులు చూసి, ఈ మనిషి మనకు సరిపోతాడని అనిపించిన వెంటనే, కొటేషన్ అడగకముందే, ఆ అంకె బయటికి రావాలి. విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న ప్రకటనల ఆఫీసు నడుపుతూ, అటు వ్యాపారులకూ ఇటు ఫొటోగ్రాఫర్లకూ మధ్య నిలబడి పని చేయించే మనిషిగా ఈ మాట చెబుతున్నాను. బట్టల దుకాణాలు, ఆసుపత్రులు, నగల కొట్లు, పచ్చళ్లూ పొడులూ అమ్మేవారు, అపార్ట్‌మెంట్లు కట్టేవారు, ఎవరి పని వచ్చినా గొడవ మొదలయ్యే చోటు దాదాపు ఒకటే. ఫొటోలు బాగా రాలేదన్న ఫిర్యాదును కాస్త తవ్వి చూస్తే, ఎంత డబ్బుకు ఏం తీయాలన్నది ఇద్దరూ ఎన్నడూ విడమరిచి మాట్లాడుకోలేదన్న సంగతి బయటపడుతుంది.

మన వైపు ఆ సంభాషణ ఎలా నడుస్తుందో ఈ పనిలో ఉన్నవారందరికీ తెలుసు. "ప్రొడక్ట్ ఫొటోలు తీయాలి బాబూ, ఎంత తీసుకుంటావు?" అని వ్యాపారి అడుగుతారు. "ఎన్ని ఉన్నాయండీ, ఎక్కడ వాడతారండీ?" అంటాడు ఫొటోగ్రాఫర్. "ఒక పాతిక ముప్పై ఉంటాయిలే, ముందు నీ రేటు చెప్పు." "మీరెంత అనుకుంటున్నారో చెబితే దాన్నిబట్టి చేద్దామండీ." "మేం అనుకునేదేముంది, బాగా రావాలి, అంతే. రేటు కాస్త చూసి చెయ్యి, ముందు ముందు మన దగ్గర చాలా పని ఉంది." ఇక్కడితో మాట ఆగిపోతుంది. వ్యాపారి మనసులో ఒక అంకె ఉంది. ఫొటోగ్రాఫర్ మనసులో కూడా ఒక అంకె ఉంది. ఆ రెంటినీ ఎదురెదురుగా పెట్టకుండానే అడ్వాన్స్ చేతులు మారుతుంది, షూట్ తేదీ ఖాయమవుతుంది. తేడా ఎంతన్నది ఫొటోలు చేతికొచ్చిన రోజున తేలుతుంది.

వ్యాపారి అలా మాట్లాడడానికి తగిన కారణం ఉంది, దాన్ని తీసిపారేయడం న్యాయం కాదు. బీసెంట్ రోడ్డులోనైనా, వన్ టౌన్‌లోని వస్త్రలతలోనైనా కొనడానికి వెళ్లినవాడు తన జేబులో ఎంతుందో ముందే చెప్పుకోడు. చెబితే ధర అక్కడికే వచ్చి కూర్చుంటుందని చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగాం. ఆ జాగ్రత్త అక్కడ సరైనదే, ఎందుకంటే అక్కడ చీర అప్పటికే నేసి, మడతపెట్టి, బీరువాలో ఉంది. మీరు మూడు వేలకు కొన్నా రెండున్నర వేలకు కొన్నా అందులో ఒక్క పోగు పెరగదు, ఒక్క పోగు తరగదు. బేరమంతా తయారైపోయిన వస్తువు మీద. ఫొటో మాత్రం మీరు బేరమాడే సమయానికి ఇంకా లేదు. మీరు ఒప్పుకున్న డబ్బును బట్టే అది ఎలాంటి ఫొటో కావాలో నిర్ణయమవుతుంది. ధర తగ్గించిన ప్రతిసారీ ఆ ఫొటోలోంచి ఏదో ఒకటి జారిపోతుంది, ఏది జారిపోయిందో మీకు ఎవరూ చెప్పరు.

కారం ప్యాకెట్ సంగతే తీసుకుందాం. గుంటూరులో మిర్చికి కొదవ లేదు, కారం పట్టించి సొంత పేరుతో ప్యాకెట్లు వేసేవారికీ కొదవ లేదు. వారిలో ఒకరికి ప్యాకెట్ మీదికీ, ప్రకటనకీ ఫొటోలు కావలసి వచ్చి, మా ద్వారా ముగ్గురు ఫొటోగ్రాఫర్ల దగ్గర కొటేషన్లు తెప్పించమన్నారు. బడ్జెట్ మాత్రం చెప్పవద్దన్నారు. ఒకరు పద్దెనిమిది వేలన్నారు, ఒకరు నలభై అయిదు వేలన్నారు, మూడో ఆయన లక్షా పది వేలన్నారు. అది చూసి ఆ పెద్దమనిషికి కోపం వచ్చింది, ఒకే పనికి ఇంత తేడా ఏమిటి, ఇది దోపిడీ కదా అన్నారు. నిజానికి ఆ ముగ్గురూ ఒకే పనికి రేటు చెప్పలేదు. మొదటి ఆయన ప్యాకెట్‌ను తెల్లటి నేపథ్యం మీద నిలబెట్టి నాలుగు కోణాల్లో తీయడాన్ని ఊహించుకున్నారు. రెండో ఆయన ప్యాకెట్, పక్కన కారం రాశి, ఎండుమిరపకాయలు, రోలు, ఇలా ఒక అమరిక ఊహించుకున్నారు. మూడో ఆయన ఆ కారంతో వండిన కూరలు, వాటిని వడ్డించి అలంకరించే ఫుడ్ స్టైలిస్టు, రెండు రోజుల స్టూడియో అద్దె, హోర్డింగ్‌కు సరిపడే ఫైళ్లు ఊహించుకున్నారు. ఆ ఒక్క అంకె చెప్పి ఉంటే ముగ్గురూ ఒకే పనిని ఊహించుకునేవారు. అప్పుడు ఎవరిది మంచి ఆలోచనో పోల్చి చూసే వీలుండేది.

అందులో ఒక్క అమరికలోనే ఎంత పని దాగి ఉంటుందో దగ్గరగా చూడనివారికి తెలియదు. రేకు మెరుపున్న ప్యాకెట్ అద్దంలాంటిది, కెమెరా, ఫొటోగ్రాఫర్ చొక్కా, గది గోడ అన్నీ అందులో కనిపిస్తాయి. దానికి రెండు వైపులా పెద్ద తెల్లటి తెరలు కట్టి, వాటి వెనక నుంచి వెలుగు పంపితే తప్ప ఆ రేకు మీద మెరుపు నునుపుగా పాకదు. ప్యాకెట్ ముడతలు పోవడానికి లోపల కారం తీసేసి మరొకటి కూరుతారు. కాయలు బస్తాలోంచి గుప్పెడు తీసి పోస్తే చాలదు, తొడిమ విరగనివి, మచ్చ లేనివి, ఒకే నిడివి ఉన్నవి ఏరుకోవాలి. ఎరుపు రంగుతో ఇంకో చిక్కు ఉంది. వెలుగు కాస్త ఎక్కువైతే కెమెరాలో ఎరుపు ఒక్కటే హద్దు దాటి, కారం రాశి మీది రవ్వ రవ్వ కనపడకుండా ఎర్ర ముద్దలా తేలుతుంది. దాన్ని తర్వాత కంప్యూటర్‌లో సరిచేయడం కుదరదు, తీసేటప్పుడే తగ్గించి తీయాలి. ఫ్యాను వేస్తే పొడి లేస్తుంది, గదిలో అందరికీ దగ్గు. ఆ తరువాత ప్యాకెట్ మీద పడ్డ ప్రతి రేణువునూ రీటచింగ్‌లో, అంటే కంప్యూటర్‌లో ఫొటోకు మెరుగులు దిద్దేటప్పుడు, తుడవాలి. ఇదంతా ఒక పూట పని కాదు. బడ్జెట్ పద్దెనిమిది వేలే అయితే ఇందులో ఏది చేయాలో, ఏది వదిలేయాలో ఫొటోగ్రాఫర్ ముందుగా తెలుసుకొని, ప్యాకెట్ ఒక్కదాన్నే శుభ్రంగా తీసి ఇస్తాడు. తెలియకపోతే అన్నీ సగం సగం చేస్తాడు, అదే అన్నిటికంటే చెడ్డ ఫలితం.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. "యాభై వేలున్నాయని చెబితే, ముప్పై వేలతో అయ్యే పనికి కూడా యాభై వేలే వేస్తాడు" అంటారు. అలా వేసేవారు లేరని నేను అనను. కానీ బడ్జెట్ దాచడం వల్ల అలాంటివారి నుంచి రక్షణ దొరకదు. మీ దుకాణం అద్దాలు, మీ కారు, మీ బ్రాంచీల సంఖ్య చూసి ఆయన ఎలాగూ ఒక అంచనా వేసుకుంటాడు. రక్షణ దొరికేది అంకె చెప్పిన తరువాత అడిగే ప్రశ్నల్లో. "ఈ యాభై వేలకు ఏమేం వస్తాయో విడివిడిగా రాసివ్వండి. ఇదే పని ముప్పై అయిదు వేలకు చేయాల్సి వస్తే ఇందులోంచి ఏది తీసేస్తారు?" అని అడిగి చూడండి. నిజాయితీగా పని చేసే మనిషి వెంటనే, ఫలానా అసిస్టెంట్‌ను తగ్గిస్తాను, రీటచింగ్ పన్నెండింటికే చేస్తాను, రెండో రోజు ఉండదు అని వరసగా చెబుతాడు. ఊరికే వేసినవాడు దేన్నీ తీసేయకుండా అయిదు వేలు తగ్గిస్తానంటాడు. ఎవరేమిటో ఆ ఒక్క జవాబుతో తెలిసిపోతుంది. అంకె దాచుకున్నంతకాలం ఆ ప్రశ్న అడిగే అవకాశమే మీకు ఉండదు.

ప్రభుత్వ పనులనే చూడండి. గుంటూరులో ఒక డ్రైనేజీ కాలువకో రోడ్డుకో టెండరు పిలిస్తే నోటీసులోనే పని అంచనా విలువ ఉంటుంది. కాంట్రాక్టర్లు దానికంటే ఇంత శాతం తక్కువకో ఇంత శాతం ఎక్కువకో కోట్ చేస్తారు. ప్రజల సొమ్ము ఖర్చు పెట్టేచోట కూడా అంచనా విలువ బయటపెట్టి పోటీ నడుపుతున్నప్పుడు, నలభై వేల ఫొటోషూట్‌కు దాన్ని రహస్యంగా ఉంచడంలో లాభమేమిటో నాకు కనిపించదు.

చెప్పేటప్పుడు ఒక అంకె చెప్పాలి. "నలభై నుంచి అరవై వేల మధ్య" అని చెప్పడం మర్యాదగా అనిపిస్తుంది గానీ, ఆ మాటలో చెప్పినవారికి నలభై వినిపిస్తుంది, విన్నవారికి అరవై వినిపిస్తుంది. మీరు దాటలేని హద్దు ఏదో అదే చెప్పండి. అందులో జీఎస్టీ కలిసి ఉందో లేదో కూడా చెప్పండి. ఫొటోగ్రఫీ సేవల మీద 18 శాతం జీఎస్టీ ఉంది. నలభై వేలంటే మొత్తం అంతేనని మీరు అనుకుంటారు, పన్ను కాక నలభై అని ఆయన అనుకుంటాడు, బిల్లులో 7,200 రూపాయలు అదనంగా కనిపించేసరికి మోసపోయామన్న భావన కలుగుతుంది. సేవలు అందించేవారికి ఏడాదికి ఇరవై లక్షల టర్నోవర్ దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి మన ఊళ్లలో చాలామంది చిన్న ఫొటోగ్రాఫర్ల బిల్లులో ఆ పన్ను ఉండదు. పెద్ద దుకాణానికి ఆ పన్ను సాధారణంగా ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గింపుగా, తిరిగి సర్దుబాటవుతుంది. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముకునే, రిజిస్ట్రేషన్ లేని ఆవిడకు మాత్రం అది పూర్తిగా ఖర్చే. ఒకే కొటేషన్ ఈ ఇద్దరికీ ఒకే ధర కాదు.

ఇంతవరకూ వ్యాపారుల వైపు చెప్పాను. ఫొటోగ్రాఫర్లు కూడా ఈ విషయంలో పట్టు విడవాలి. "మీ బడ్జెట్ ఎంతండీ" అని అడిగే హక్కు వారికి ఉంది. కానీ తమ కనీస రేటు ఎంతో చెప్పకుండా ఆ ప్రశ్న అడగడం సమంజసం కాదు. పూటకు ఇంత, రోజుకు ఇంత, రీటచింగ్ ఫొటోకు ఇంత అని ఒక కాగితం పంపిస్తే, అంత పెట్టలేనివారు మొహమాటపడకుండా అక్కడే ఆగిపోతారు. వారిలో చాలామంది పెళ్లిళ్ల ఫొటోగ్రఫీ నుంచి ఈ రంగంలోకి వచ్చినవారు కాబట్టి అక్కడి ప్యాకేజీ అలవాటు ఇక్కడికీ తెచ్చారు. అన్నీ కలిపి ఇంత అని ఒకే అంకె వేస్తారు. పెళ్లిలో ఏం జరుగుతుందో, ఏం తీయాలో అందరికీ తెలుసు కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. కమర్షియల్ పనిలో స్టూడియో, లైట్ల అద్దె, అసిస్టెంట్లు, మోడల్, మేకప్, ప్రయాణం, ఎడిటింగ్ దేనికది విడిగా కనిపించకపోతే వ్యాపారికి దేన్ని తగ్గించమని అడగాలో తెలియదు, మొత్తం మీద కోత అడుగుతారు. ఆ కోత చివరికి పడేది ఫొటోగ్రాఫర్ సొంత కూలి మీదే.

ఫొటోగ్రాఫర్లు అంకె చెప్పడానికి ఎందుకు జంకుతారో కూడా వ్యాపారులు తెలుసుకోవాలి. శ్రద్ధగా ఆలోచించి, ఏ ఫొటో ఎలా తీయాలో బొమ్మలు గీసి మరీ పంపిన కొటేషన్‌ను వాట్సాప్‌లో మరొకరికి పంపి, "వీళ్లు ఇంతకు చేస్తామంటున్నారు, నువ్వెంతకు చేస్తావు" అని అడగడం ఇక్కడ మామూలైపోయింది. అది ఆ మనిషి ఆలోచనను ఉచితంగా వాడుకోవడం. అలా ఒకసారి జరిగిన ఫొటోగ్రాఫర్ ఆ తరువాత ఎవరికీ వివరంగా రాసి పంపడు.

బడ్జెట్ ముందే చెబితే పని ఎలా మారుతుందో ఒక మంచి ఉదాహరణ మంగళగిరి నుంచి ఉంది. అక్కడి నేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒకావిడ మొదటి ఫోన్‌లోనే, "మా దగ్గర అరవై వేలున్నాయండీ, పన్నుతో కలిపి. నలభై చీరలున్నాయి. నలభైకీ మోడల్ కావాలని నాకుంది, కుదురుతుందో లేదో మీరే చెప్పండి" అన్నారు. ఫొటోగ్రాఫర్ కుదరదని సూటిగానే చెప్పాడు. చీర మార్చి, కుచ్చిళ్లు సర్ది, పిన్నులు పెట్టి, మోడల్‌ను వెలుగులో నిలబెట్టడానికి చాలా సమయం పడుతుంది, రోజుకు పది పన్నెండు చీరలకు మించి శుభ్రంగా కావు. అందుకని బాగా అమ్ముడుపోయే పది చీరలకు మోడల్, మిగతా ముప్పై చీరలకు మడతపెట్టి ఒకటి, కొంగు పరిచి ఒకటి, అంచు దగ్గరగా ఒకటి అని తేల్చుకున్నారు. చీరలన్నీ ఇస్త్రీ చేసి, వరస నంబర్లు వేసి తెచ్చే బాధ్యత ఆవిడ తీసుకున్నారు. దానితో ఒక అసిస్టెంట్ ఖర్చు తగ్గింది. ఆ డబ్బును ఫొటోగ్రాఫర్ రంగుల మీద పెట్టాడు. ప్రతి చీర పక్కనా కలర్ కార్డు (కచ్చితమైన రంగుల గడులున్న అట్ట) పెట్టి ఒకసారి తీసి, దానితో రంగు సరిచూశాడు, ఎందుకంటే తెరమీద కనిపించిన రంగు ఒకటి, ఇంటికొచ్చిన చీర రంగు ఒకటి అయితే చీర తిరిగి వస్తుంది. నిజాం అంచు అని పిలిచే ఆ చీరల అంచు మీది జరీకి వెలుగు సరైన వైపు నుంచి పడకపోతే అది బంగారంలా కాక నల్లగా కనిపిస్తుంది కాబట్టి ఆ ముప్పై అంచుల కోసం లైటును విడిగా పక్కకు దింపాడు. ఈ నిర్ణయాల్లో ఏ ఒక్కటీ "బాగా రావాలి, అంతే" అన్న మాట నుంచి పుట్టేది కాదు.

ఆవిడకు ఇంకో లాభం కూడా కలిగింది. మన దగ్గర లైట్లు, అసిస్టెంట్లు, మేకప్ చేసేవారు అందరూ పెళ్లిళ్ల మీద కూడా ఆధారపడినవారే. ముహూర్తాలున్న వారాల్లో ఎవరూ దొరకరు, దొరికినా రేటు ఎక్కువ. "మీకు తొందర లేకపోతే మూఢంలో పెట్టుకుందామండీ" అని ఫొటోగ్రాఫరే చెప్పాడు. బడ్జెట్ తెలిసింది కాబట్టే ఆ సలహా ఇవ్వగలిగాడు. అదే విధంగా ఉండవల్లి గుహల దగ్గర మోడల్‌తో తీద్దామన్న ఆలోచన వచ్చినప్పుడు, అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం, వాణిజ్య చిత్రీకరణకు ముందే అనుమతి తీసుకోవాలి, రుసుము కట్టాలి అని చెప్పి, ఆ ఖర్చు ఈ అరవై వేలలో ఇమడదని అక్కడే తేల్చేశాడు.

డబ్బుతో పాటే మాట్లాడాల్సింది ఫొటోల వాడకం. ఆన్‌లైన్ అమ్మకాలకు కావలసింది చాలా నిర్దిష్టంగా ఉంటుంది. అమెజాన్‌లో ప్రధాన చిత్రానికి స్వచ్ఛమైన తెల్లటి నేపథ్యం ఉండాలి, వస్తువు చట్రంలో 85 శాతం నిండాలి. అలాంటి ఫొటోల ఖర్చును ముందే లెక్కకట్టవచ్చు. అదే ఫొటోను రేపు బందరు రోడ్డు మీద హోర్డింగ్‌గా పెట్టాలంటే తీసే పద్ధతి వేరు, మోడల్ అడిగే డబ్బు వేరు. ఇన్‌స్టాగ్రామ్‌కు అని ఒప్పుకున్న అమ్మాయి తన ముఖాన్ని బెంజ్ సర్కిల్ దగ్గర నలభై అడుగుల ఎత్తున చూసి మళ్లీ డబ్బు అడిగితే అందులో తప్పేమీ లేదు. ఇక హక్కుల సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు కర్త తీసిన మనిషే. అయితే డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందమేదీ లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులని 17వ సెక్షన్ చెబుతుంది. హక్కు తన దగ్గరే ఉందని చాలామంది ఫొటోగ్రాఫర్లు అనుకుంటారు, కానీ కాగితం మీద రాసుకోకపోతే ఆ మాట నిలవదు. రాసుకోవాలంటే ధర గురించి మాట్లాడాలి, ఎందుకంటే అన్ని హక్కులూ ఇచ్చే ధర, ఏడాదిపాటు ఒక్క వెబ్‌సైట్‌కే ఇచ్చే ధర ఒకటి కాకూడదు.

చెల్లింపు తేదీ కూడా బడ్జెట్‌లో భాగమే. దసరాకు తీయించుకున్న ఫొటోల డబ్బు సంక్రాంతికి కూడా రాని ఫొటోగ్రాఫర్లు నాకు తెలుసు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఉద్యమ్‌లో (చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే రిజిస్ట్రేషన్‌లో) నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆ గడువు దాటిన బాకీని, నిజంగా చెల్లించిన ఏడాదిలో తప్ప, ఖర్చుగా చూపుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఫొటోగ్రాఫర్లు ఉద్యమ్ నమోదు చేయించుకొని, ఆ నంబరును కొటేషన్ మీద వేయాలి. ఇది బెదిరింపు కాదు. గడువులోపు చెల్లించాలన్న సంగతిని వ్యాపారి ఆడిటర్‌కు ఆ నంబరే గుర్తు చేస్తుంది.

చివరిగా, ఉన్న డబ్బు నిజంగానే చాలనివారి మాట. గుంటూరు బ్రాడీపేటలో కొత్తగా బేకరీ పెట్టిన కుర్రవాడి దగ్గర ఎనిమిది వేలే ఉంటే, ఆ మాట చెప్పడానికి అతను సిగ్గుపడనక్కరలేదు. ఆ డబ్బుకు పెద్ద స్టూడియో రాదు, కానీ ఈ మధ్యే పని మొదలుపెట్టి, తన పాత పనుల్లో చూపించుకోవడానికి మంచి ఆహార ఫొటోలు కావలసిన మరో కుర్రవాడు వస్తాడు. ఒక ఉదయం పూట, కిటికీ వెలుగులో, ఆరు రకాలు మాత్రమే తీసి వెళ్తాడు. "ఈ డబ్బుకు నేను చేయలేనండీ, ఫలానా అబ్బాయి చేస్తాడు, నంబరు పంపిస్తాను" అని చెప్పే సీనియర్లు విజయవాడ, గుంటూరు రెండు ఊళ్లలోనూ ఉన్నారు. అలా పంపాలంటే మీ దగ్గర ఎంతుందో వారికి ముందు తెలియాలి.